డిస్కు మంచిదే

మా బాబాయి లెక్కలో ఈ లోకంలో తప్పు చేయనివాళ్లు ఇద్దరే. ఒకరు ఆయన, రెండోది ఆయన హార్డ్ డిస్కు. తిరువూరులో ఆయనకో పాత డీటీపీ సెంటరుంది. అందులో ఓ పెంటియం త్రీ, దాని పొట్టలో 20 జీబీ డిస్కు, ఆ డిస్కులో విండోస్ 98, పేజ్‌మేకర్, అనూ ఫాంట్లు. ఊళ్లో సగం మంది శుభలేఖలు అందులోనే ఉన్నాయి. 2022లో తిరువూరు ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లింది గానీ ఆ డిస్కులో ఇంకా కృష్ణా జిల్లాలోనే ఉంది. సరిహద్దు అవతల కల్లూరు వాళ్ల కార్డు తెరిస్తే రాష్ట్రమే ఇంకా విడిపోలేదు. అడ్రసు మార్చి ప్రింటు తీస్తాడు తప్ప పాత ఫైలు మీద సేవ్ చేయడు. "ఒరిజినల్ ఒరిజినల్‌గానే ఉండాల్రా" అంటాడు.

సరిగ్గా పెళ్లిళ్ల సీజన్లోనే అది మొరాయిస్తుంది. నల్ల తెర మీద తెల్లక్షరాలు: నాన్ సిస్టమ్ డిస్క్ ఆర్ డిస్క్ ఎర్రర్. ఇంకెవరైనా అయితే డిస్కు పోయిందనుకుంటారు. బాబాయి తెర వంక చూడనైనా చూడడు, వెనక్కి తిరిగి మమ్మల్ని చూస్తాడు. "ఎవర్రా ముట్టుకుంది?" అల్లుడు విస్తరి ముందు నుంచి లేచిపోతే వంటింట్లో వాళ్లను నిలదీసే మామగారి చూపు అది.

మా మీద కేసు తేలకపోతే కరెంటు మీదికి పోతాడు. ఓల్టేజీ తక్కువంటాడు, యూపీఎస్‌ను నాలుగు తిడతాడు. తర్వాత ర్యామ్ ఊడదీసి, పక్కింటి పిల్లాడి రబ్బరు అడిగి తెచ్చి, దాని బంగారు పళ్లు తోముతాడు. బాబాయ్, తెర మీద అక్షరాలు పడుతున్నాయంటే ర్యామ్ బాగున్నట్టేగా అని ఒకసారి అన్నాను. ఆ పూట నాకు టీ రాలేదు. ఆపైన మదర్‌బోర్డు మీదున్న సీఆర్ 2032 బిళ్ల మారుస్తాడు. మూడు ఓల్టుల ఆ బిళ్ల చచ్చిపోతే తేదీ, సెట్టింగులు అన్నీ మర్చిపోతుంది కంప్యూటరు. బాబాయి మాత్రం అది బాగున్నా మారుస్తాడు. చివరికి కేబుల్: ఎర్ర గీత ఒకటో పిన్ను వైపే ఉందా, పిన్నేదైనా వంగిందా?

ఇంత హడావుడీ అయ్యాక ఏం తేలిందనుకున్నారు? ఫ్లాపీ! రాత్రి ఎవరో ఏ డ్రైవులో ఫ్లాపీ వదిలేశారు. బయాస్ ముందు అక్కడే వెతుకుతుంది కాబట్టి సిస్టమ్ లేని ఆ ఫ్లాపీని చూసి అలిగి కూర్చుంది. ఫ్లాపీ మీద బాబాయి దస్తూరీ. దాన్ని నెమ్మదిగా జేబులో వేసుకుని, "నేను ముందే చెప్పానా లేదా, డిస్కు మంచిదేనని" అన్నాడు.

అసలు బాధేమిటంటే, చెప్పాడు! ప్రతిసారీ అదే చెబుతాడు, ప్రతిసారీ అదే నిజమవుతుంది. ఓసారి రెండో డిస్కు తగిలిస్తే రెండూ కనబడకుండా పోయాయి. చూస్తే రెండింటి జంపర్లూ మాస్టర్‌లోనే ఉన్నాయి. ఒక కేబుల్ మీద ఇద్దరు పెద్దలు కుదరదు. పిన్ని పట్టకారుతో ఒకదాన్ని స్లేవ్‌కు మార్చాడు, లేచింది. ఇంకోసారి ఎఫ్‌డిస్క్ స్లాష్ ఎంబీఆర్ కొట్టి, డిస్కు మొదటి 512 బైట్లలో ఉండే బూటు కోడు తిరగరాశాడు, లేచింది. ఇలాంటి మనిషితో వాదించి గెలిచేదెలా?

ఈ మే నెలలో మాత్రం నాకు ఆశ పుట్టింది. స్విచ్ వేస్తే డిస్కులో చప్పుడే లేదు. బాబాయి స్క్రూడ్రైవరు మొన డిస్కు మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని విన్నాడు. నిమిషానికి 5400 చుట్లు తిరగాల్సింది ఒక్క చుట్టూ తిరగడం లేదు. నన్నూ వినమన్నాడు, విన్నాను. (నాకేదో వినబడినట్టే అనిపించింది, అది వేరే సంగతి.) "చలికి పట్టేసిందిరా" అన్నాడు. తిరువూరులో, మే నెలలో! పాత డిస్కుల్లో ఒక్కోసారి హెడ్లు పళ్లేనికి అతుక్కుపోయి మోటారు కదల్లేదు. ఆయన డిస్కు చేతిలోకి తీసుకుని, మణికట్టు ఒక్కసారి అటూ ఇటూ తిప్పి మళ్లీ తగిలించాడు. గుయ్‌మని తిరిగింది.

ఇదే అదను అనుకుని, "బాబాయ్, మొత్తం ఓ పెన్‌డ్రైవులోకి కాపీ చేసేద్దాం" అన్నాను.

"శుభ్రంగా పనిచేస్తుంటే కాపీ ఎందుకురా?"

"పనిచేయకపోతే అప్పుడెలా చేస్తాం?"

"డిస్కు మంచిదైతే ఎందుకు పనిచేయదు?"

హైదరాబాదు నుంచి వాళ్లబ్బాయి కొత్త లాప్‌టాప్ పంపించాడు. వృథాగా పడెయ్యలేదు, రోజూ వాడుతూనే ఉన్నాడు. పాత డిస్కు మోడల్ నెంబరు కొట్టి, జంపర్ల బొమ్మ వెతుక్కోవడానికి.