వాలు అక్షరాల సెక్రటరీ గారు

మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారికి నిటారుగా ఉన్న అక్షరం పడదు. అది కసురుతున్నట్టు ఉంటుందట. అందుకే నోటీసు బోర్డు మీదికెక్కే ప్రతి కాగితమూ చేత్తో రాసినట్టుండే ఫాంటులోనే ఉండాలి. ఇంగ్లీషుకి లూసిడా హ్యాండ్‌రైటింగ్, తెలుగుకి బాపు గారి చేతిరాతతో చేసిన ఫాంటు. అదీ చాలక, పైన ఐటాలిక్ మీట కూడా నొక్కిస్తారు.

బాపు గారి అక్షరం కనబడితే శుభలేఖ అనుకునే జాతి మనది. "మోటారు కాలిపోయింది, రేపటిదాకా నీళ్లు రావు" అన్న కాగితాన్ని దూరం నుంచి చూసి మూడో అంతస్తు మామ్మగారు "ముహూర్తం ఎప్పుడుట?" అన్నారు. మెయింటెనెన్స్ బాకీ పడ్డ 304 వారికి "ప్రియమైన మిత్రమా" అని వయ్యారంగా నోటీసు వెళ్లింది. ఆయన లిఫ్టులో ఎదురుపడి "థాంక్సండీ, మీక్కూడా" అన్నారు.

వీధి చివరి డీటీపీ కుర్రాడు ఓసారి తెగించాడు. "సార్, తెలుగుకి విడిగా ఐటాలిక్ గీసినవాళ్లు తక్కువ. ఈ మీట నొక్కితే మామూలు అక్షరాన్నే మెషీను పక్కకి తోస్తుంది. గుండ్రటి అక్షరం కదా, పడిపోతున్నట్టుంటుంది."

సెక్రటరీ గారు అతన్ని 1501లో వెనిస్‌కి తీసుకెళ్లిపోయారు. అక్కడ ఆల్డస్ మనూషియస్ అనే ముద్రాపకుడు వర్జిల్ కావ్యాల్ని ఐటాలిక్‌లో అచ్చేశాడు. అచ్చులు చెక్కింది ఫ్రాంచెస్కో గ్రిఫో. నమూనా ఆనాటి పండితుల గబగబా రాత. "వేగంగా రాసే చెయ్యి వాలుతుంది నాయనా, అది మర్యాద!" కుర్రాడు వంద రూపాయలు పుచ్చుకుని వాల్చేశాడు.

నిజం చెప్పొద్దూ, ఆ అక్షరాలంటే నాకూ ఇష్టమే, పుట్టినరోజు కార్డు మీదైతే. కామిక్ శాన్స్ అనే ఫాంటు పుట్టిందే అలాంటి సరదాలకి. మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామ్‌లో ఓ బొమ్మ కుక్క టైమ్స్ న్యూ రోమన్‌లో గంభీరంగా మాట్లాడుతోంటే చూడలేక విన్సెంట్ కానేర్ 1994లో మొదలుపెట్టాడు. సెక్రటరీ గారితో ఈ మాట అనడమే నా పాపం. "2012లో సెర్న్ శాస్త్రవేత్తలు హిగ్స్ బోసాన్ కబురు ప్రపంచానికి చెప్పిన స్లైడ్లు కొన్ని ఏ ఫాంటులో ఉన్నాయి? కామిక్ శాన్స్! దైవకణానికి సరిపోయింది మన డ్రైనేజీకి పనికిరాదా?" అన్నారు. నాకు జవాబు దొరకలేదు.

కాలక్రమేణా జనం రాటుదేలారు. ఇప్పుడు చదవరు, వాలు చూస్తారు. కాస్త వాలితే లిఫ్టు ఆగింది. బాగా వాలితే చందా పెరిగింది. కింద నవ్వు బొమ్మ కూడా ఉంటే ఎవరి కారుకో తాళం పడింది.

మొన్న మున్సిపాలిటీ వాళ్లు ఆస్తి పన్ను బకాయిల గురించి గేటుకి నోటీసు అంటించి వెళ్లారు. ఎర్ర సిరా, నిటారు అక్షరాలు, "జప్తు" అన్న మాట కింద రెండు గీతలు. వారం రోజులు ఎవరూ పట్టించుకోలేదు. సెక్రటరీ గారు నొచ్చుకుని, ఎంత మొరటుగా రాశారో అనుకుంటూ, దాన్నే తన ఫాంటులో మళ్లీ కొట్టించి, "ప్రేమతో" అని చేర్చి పక్కన అంటించారు.

సాయంత్రానికల్లా 304 వారితో సహా అందరూ కట్టేశారు.