ఒంటి చెవి జాడీ

నేనీ ఊరిదాన్ని కాను. పుట్టింది ఇటలీలో, కుమ్మరి ఆవంలో. ఇప్పుడు మెడ ముక్క, ఒక చెవి మిగిలానుగానీ అప్పట్లో మీటరు పైచిలుకు పొడుగుండేదాన్ని. అడుగున మొన, లోపల కారకుండా తారు పూత. పాతిక లీటర్ల ద్రాక్షసారా నింపి, మూతి బిగించి ఓడెక్కించారు. తర్వాత రోన్ నది, సోన్ నది, ఆఖర్న కొండదారి. అలా బిబ్రాక్ట్ చేరాను. ఇప్పటి ఫ్రాన్స్‌లోని బర్గండీలో 821 మీటర్ల బూవ్రే కొండ మీద, గాల్ జనంలో ఎడుయీ తెగవాళ్ళ రాజధాని అది.

నా ఖరీదు చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంటుంది. జాడీ సారాకి ఒక బానిసను ఇచ్చేసేవారని గ్రీకు చరిత్రకారుడు డయొడోరస్ రాశాడు. అంటే నేనెక్కి వచ్చిన దారినే ఎవరో ఒక మనిషి దిగి వెళ్ళాడన్నమాట. అతని పేరు ఏ తవ్వకంలోనూ దొరకదు. నా విందు ఒక్క రాత్రి. తెల్లారేసరికి ఖాళీ. ఖాళీ జాడీని ఎవరు మోస్తారు? పగలగొట్టి నేల చదునుకి పరిచేశారు.

ఆ నేల మీదే చరిత్ర నడిచింది. క్రీ.పూ. 52లో రోమ్ మీద తిరగబడ్డ గాల్ తెగలవాళ్ళు వెర్సింజెటోరిక్స్‌ను ఇక్కడే తమ సేనానాయకుడిగా ఒప్పుకున్నారు. అతన్ని ఓడించిన రోమన్ సేనాని సీజర్ ఆ చలికాలం ఇక్కడే గడిపాడు. అగస్టస్ కాలానికి జనమంతా మైదానంలో కట్టిన కొత్త పట్నానికి, ఇప్పటి ఓతన్‌కి, మూటాముల్లె సర్దుకున్నారు. కొయ్య ఇళ్ళు కుళ్ళిపోయాయి. నా నెత్తిన బీచ్ చెట్లు లేచాయి.

1867లో బులియో అనే ఆయన తవ్వకాలు మొదలుపెట్టాడు. నా దాకా మాత్రం రాలేదు. 1984లో మళ్ళీ మొదలయ్యాక ఓ వేసవిలో తాపీ అంచు తగిలింది. ఒక విద్యార్థిని నన్ను నీళ్ళ బకెట్లో ముంచి, పళ్ళు తోముకునే బ్రష్షుతో మెల్లగా రుద్దింది. చెవి అతికిన చోట కుమ్మరి బొటనవేలి నొక్కు బయటపడింది. ఆరబెట్టి, వీపున సిరాతో నంబరు వేసింది.

చూడవచ్చినవాళ్ళు ముందు ఊరి కోటగోడలోని రెబూ ద్వారం దగ్గర ఫొటోలు దిగుతారు. అడ్డదూలాలు, రాళ్ళు పేర్చిన ఆ గోడ ఈ కాలంలో తిరిగి కట్టింది. అసలు గోడలో దూలాలు మట్టిలో కలిసిపోగా, జానెడు ఇనప మేకులు మిగిలాయి. తర్వాత మ్యూజియంలోకొచ్చి, "అన్నీ పెంకులేనా?" అని పెదవి విరుస్తారు. నిజమే. గాల్ వాళ్ళ ఊరు చూడ్డానికొచ్చి ఇటలీ పెంకులు చూసి పోతున్నారు పాపం.

వేసవి వచ్చిందంటే కొండ మీద మళ్ళీ తాపీల చప్పుడు. నా రెండో చెవి ఇంకా దొరకలేదు.