ల్యాప్‌టాప్‌కి ముహూర్తం

మా ఇంట్లోకి ఏ వస్తువు రావాలన్నా ఇద్దరు ఒప్పుకోవాలి. ఒకరు మా అమ్మ. ఆవిడ దగ్గర ఏటా ఉగాదికి పలాస నుంచి తెప్పించుకునే పంచాంగం ఉంటుంది. రెండోవాడు గచ్చిబౌలిలో ఉండే మా బావమరిది. వాడి దగ్గర యూట్యూబ్ ఉంటుంది. అమ్మ లెక్కలో ల్యాప్‌టాప్ ఇనప సామాను. "శనోరం నాడు ఇనుము ఇంటికి తెస్తార్రా ఎవురైనా?" అంటుంది. బావమరిది లెక్కలో వారంలో ఏ రోజూ పనికిరాదు. "మూడు నెలలాగు బావా, కొత్త జనరేషన్ ప్రాసెసర్ వస్తోంది" అంటాడు. ఎప్పుడడిగినా మూడు నెలలే. అమ్మ చెప్పే మూఢమైనా ఒక తేదీకి వెళ్లిపోతుంది.

ఆగడం మాకు కొత్తేం కాదు. మేముండేది టికియాపారాలో. ఖరగ్‌పూర్ వైపు నుంచి వచ్చే లోకల్ రైళ్లకి హౌరా ముందు ఆఖరి స్టేషన్ ఇదే. సాంత్రాగాచీ, రామ్‌రాజాతలా, దాస్‌నగర్ దాటి వచ్చిన బండి, హౌరాలో ప్లాట్‌ఫారం ఖాళీ లేదని మా ఇళ్ల వెనక నిలబడిపోతుంది. లోపల కూర్చుని సిగ్నల్ కోసం చూసేవాళ్లు కొందరు. బ్యాగు భుజాన వేసుకుని దిగి పట్టాల వెంబడి నడిచేవాళ్లు కొందరు. (అలా నడవడం నేరం. రైల్వే ఉద్యోగిని గనక ఆ మాట చెప్పాలి.) ల్యాప్‌టాప్ విషయంలో నేను చాలాకాలం లోపల కూర్చున్న రకం.

ఉన్నది 2016 నాటిది. ఆరో తరం ఐ5, 4 జీబీ ర్యామ్, గిర్రుమని తిరిగే హార్డ్ డిస్క్. ఎడమవైపు కీలు విరిగితే గోడకి ఆనించి పెట్టేవాళ్లం. చార్జర్ పిన్ను ఒక్క క్షణం ఊడితే చాలు, ఆరిపోయేది. అయినా మా అమ్మాయి బీకాం మొదటి సంవత్సరం దాని మీదే గట్టెక్కింది. 2025 అక్టోబరు 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్టు ఆపేసింది. విండోస్ 11కి వెళదామంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే రానిస్తానంది. ఇంకో ఏడాది భద్రతా అప్‌డేట్లు తెచ్చుకునే దారి ఉందని తెలిసి బావమరిది సంబరపడ్డాడు. వాడి దృష్టిలో అది నాలుగు 'మూడు నెలల' వరం.

తేదీల గొడవ అంతటితో ఆగదు. హైదరాబాదులో ఆషాఢం సేల్, ఇక్కడ చైత్ర సేల్. మనకి కొత్త సంవత్సరంతో మొదలయ్యే చైత్రం బెంగాలీలకి ఏడాదిలో ఆఖరి నెల. వాళ్ల సంవత్సరాది పొయిలా బొయిశాఖ్ లోపు పాత సరుకు దులిపేస్తారు. తర్వాత దుర్గాపూజ ఆఫర్లు, ధన్‌తేరస్, జనవరిలో రిపబ్లిక్ డే సేల్. మధ్యలో 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ తగ్గుతుందంటే, ఆ రోజు కోసం నోరు కట్టుకుని కూర్చున్నాం. ఏసీల మీద, పెద్ద టీవీల మీద 28 నుంచి 18 శాతానికి దిగింది. ల్యాప్‌టాప్ మీద అప్పటికే 18 శాతం, ఆ తర్వాతా 18 శాతమే. మా క్వార్టర్లలో ఒకాయన ల్యాప్‌టాప్ కోసం దాచిన డబ్బుతో ఏసీ కొనేశాడు.

ఆగమన్నవాళ్ల మాట వినే ముందు ఆడమ్ ఆస్బోర్న్ సంగతి తెలుసుకోవాలి. ఈయన బ్యాంకాక్‌లో పుట్టినా, చిన్నతనం గడిచింది తిరువణ్ణామలైలో. తండ్రి ఆర్థర్ ఆస్బోర్న్ రమణ మహర్షి జీవితచరిత్ర రాసిన భక్తుడు. తర్వాతి కాలంలో మన చలం గారు వెళ్లి స్థిరపడిన అరుణాచలమే అది. అంతటి వైరాగ్య క్షేత్రంలో పెరిగిన ఈ పిల్లవాడు 1981లో అమెరికాలో ఆస్బోర్న్ 1 అనే కంప్యూటర్ని అమ్మకానికి పెట్టాడు. చేత్తో పట్టుకెళ్లే కంప్యూటర్ అన్నాడు. బరువు 11 కిలోలు, తెర అయిదంగుళాలు, మెమరీ 64 కిలోబైట్లు, ధర 1,795 డాలర్లు. జనం ఎగబడి కొన్నారు. 1983లో, ఇంతకన్నా మంచి మోడల్ రాబోతోందని కంపెనీ ముందే చాటేసింది. ఇంకేముంది, అందరూ కొత్తదాని కోసం ఆగారు. పాతది అమ్ముడుపోలేదు, సెప్టెంబరుకల్లా కంపెనీ దివాలా తీసింది. అదొక్కటే కారణం కాదని తర్వాత కొందరు వాదించారు గానీ, వ్యాపార పాఠాల్లో 'ఆస్బోర్న్ ఎఫెక్ట్' అన్న పేరు స్థిరపడిపోయింది. అంటే మా బావమరిదివంటి వాళ్లు నలుగురు చేరితే ఒక కంపెనీ మూతపడగలదన్నమాట.

అసలు దేశంలో తొలి డిజిటల్ కంప్యూటర్ కొన్నది ఈ కలకత్తావాళ్లే. 1955లో బరానగర్ ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కి ఇంగ్లండ్ నుంచి హెచ్‌ఈసీ-2ఎం వచ్చింది. మన గణాంక శాస్త్రవేత్త కల్యంపూడి రాధాకృష్ణారావు గారు అప్పుడు అక్కడే పనిచేస్తున్నారు. ఆ సంస్థ పెట్టిన మహలనోబిస్ గారికి గచ్చిబౌలిలో బావమరిది లేకపోవడం దేశం చేసుకున్న అదృష్టం.

చివరికి వాయిదాలు మాన్పించింది ర్యామ్. కంప్యూటర్ సామాను రోజులు గడిచేకొద్దీ చవకవుతుందన్నది ఇన్నాళ్లూ మనకి కంఠోపాఠం. 2025 చివర్లో అది తిరగబడింది. మెమరీ చిప్పులు చేసే కంపెనీలన్నీ ఏఐ డేటా సెంటర్ల వైపు మళ్లాయి. క్రూషియల్ పేరుతో మామూలు జనానికి ర్యామ్, ఎస్‌ఎస్‌డీలు అమ్మే వ్యాపారాన్నే మానేస్తున్నామని మైక్రాన్ డిసెంబరులో ప్రకటించింది. ఆగినకొద్దీ ధర పెరుగుతుందని తెలిశాక బావమరిది ఫోన్ చేశాడు. "వెంటనే కొనెయ్ బావా. ఇన్నాళ్లూ ఎందుకాగావ్?"

బుధవారం, వర్జ్యం దాటాక, అమ్మాయీ నేనూ బయల్దేరాం. హౌరా మైదాన్‌లో మెట్రో ఎక్కితే గంగ అడుగున 520 మీటర్ల సొరంగం 45 సెకన్లలో దాటేస్తుంది. ఎస్‌ప్లనేడ్‌లో మారితే తర్వాతి స్టేషన్ చాందినీ చౌక్. అక్కడి సందుల్లో దొరకని తీగ, బటన్, బ్యాటరీ ఉండదు.

మొదటి షాపతను "దాదా, ఏకేబారే లేటెస్ట్" అంటూ ఒకటి తెరిచాడు. రైజెన్ 5 7520యూ. ఆ అంకెలకి అర్థం మా అమ్మాయి చెప్పింది. మొదటి 7 అంటే 2023 మోడల్. మూడో అంకె 2 చూడాలి, అది లోపలి డిజైన్ వయసు. 2 అంటే జెన్ 2, 2019లో వచ్చింది. పెట్టె మీద 2023, పెట్టెలో 2019. పైగా ర్యామ్ 8 జీబీ, బోర్డుకే అతికించేశారు, పెంచే వీల్లేదు. అన్నీ విని షాపతను ఏమాత్రం తొణక్కుండా "బ్యాగు ఫ్రీ, దాదా" అన్నాడు.

ఇంకో షాపులో ఏఐ స్టిక్కరున్నది చూపించారు. సెకనుకి 40 లక్షల కోట్ల లెక్కలు చేసే ప్రత్యేక చిప్పు ఉందట. మా పిల్లకి కావలసింది ట్యాలీ, ఎక్సెల్, ఆన్‌లైన్ క్లాసు. ఆ 40 లక్షల కోట్లలో దాని వాటా ఎంతో నేను ఊహించగలను.

తీసుకున్నది పదమూడో తరం ఐ5. ర్యామ్ ఒక స్లాట్‌లో 8 జీబీ, పక్కన ఇంకో స్లాట్ ఖాళీ. 512 జీబీ ఎస్‌ఎస్‌డీ. తెర ఎండలో తిప్పి చూశాం. కీబోర్డు మీద అమ్మాయి ఒక పేరా టైపు చేసింది, నేను వెనకవైపు మరలు లెక్కపెట్టాను. రైల్వేవాడి అలవాటు.

ఇంటికొచ్చి ఆన్ చేస్తే 512కి బదులు 476 చూపించింది. అమ్మ కళ్లజోడు సవరించుకుని "మిగతాది ఏటయిందిరా?" అంది. తయారుచేసేవాళ్లు వెయ్యి చొప్పున లెక్కేస్తారనీ విండోస్ 1024 చొప్పున లెక్కేస్తుందనీ, సరుకు ఒకటేననీ చెప్పాను. "మీ నాన్న కాలంలో బియ్యం కొట్టోడూ అదే చెప్పీవోడు" అంది.

కొనబోయేవాళ్లకి ఒక్క మాట. ప్రాసెసర్ మాట తర్వాత. ర్యామ్ అతికించి ఉందా, రెండో స్లాట్ ఖాళీగా ఉందా అని ముందు అడగండి. జవాబు బదులు బ్యాగు ఫ్రీ అన్నారంటే పక్క షాపుకి వెళ్లండి. చాందినీలో పక్క షాపు రెండడుగుల దూరంలోనే ఉంటుంది.