మంగళవారం అప్పు

సర్కారు సొమ్ముకు లెక్క చెప్పలేక జైలుకు పోయినా, జనం ఇప్పటికీ చేతులెత్తి మొక్కే తహసీల్దారు ఒక్కడే. కంచర్ల గోపన్న, మా ఖమ్మం జిల్లా నేలకొండపల్లి వాడు. పాల్వంచ పరగణాలో వసూలైన శిస్తు గోల్కొండకు పంపకుండా భద్రాచలంలో రాముడికి గుడి కట్టించాడు. ఇప్పటి అధికారులైతే దాన్ని బడ్జెట్‌లో చూపని ఖర్చు అంటారు. సుల్తాను తానీషా పట్టించి పన్నెండేళ్లు ఖైదులో వేశాడు. ఆఖరికి రామలక్ష్మణులే మారువేషాల్లో వచ్చి, ఆరు లక్షల మొహరీలు గుమ్మరించి, రసీదు కూడా రాయించుకుని పోయారని కథ. నాకు ఆ మొహరీల కన్నా రసీదు మీదే గౌరవం ఎక్కువ. దేవుడైనా సరే, సర్కారుకు డబ్బు కట్టి ఉత్త చేతులతో తిరిగి రాకూడదని ఆ ఇద్దరికీ బాగా తెలుసు.

ఖైదులో ఉండగా గోపన్న సీతమ్మ పతకానికి ఎంత పట్టిందో, మిగతా నగలకు ఎంతెంత పోశాడో పద్దుల వారీగా ఒక కీర్తనలో దేవుడికే అప్పజెప్పాడు. ఈ జిల్లా వాళ్లు వెలువరించిన మొదటి శ్వేతపత్రం అదేనని నా లెక్క. రాగం కట్టి ఉంది కాబట్టి జనం ఇన్ని వందల ఏళ్లు గుర్తుపెట్టుకున్నారు.

రెండోదానికి రాగం లేదు. 2023 డిసెంబరు 20న అసెంబ్లీలో దాన్ని ప్రవేశపెట్టిన ఆర్థిక మంత్రి, ఉప ముఖ్యమంత్రి మల్లు భట్టి విక్రమార్క కూడా మా జిల్లా వారే, మధిర ఎమ్మెల్యే. రాష్ట్రం వచ్చిన ఏడాది 72,658 కోట్లున్న అప్పు, కార్పొరేషన్ల పేరు మీద తెచ్చినవీ కలిపితే 6,71,757 కోట్లయిందని అందులో తేల్చారు. నాలుగు రోజులకే, అంతకుముందు ఏలిన బీఆర్ఎస్ వాళ్లు స్వేదపత్రం తెచ్చి, అప్పు అంత లేనే లేదన్నారు. రెండు పత్రాల మధ్య తేడా లక్షల కోట్లు. మా ఊరు కారేపల్లిలో కిరాణా ఖాతాలో నలభై రూపాయలు తేడా వస్తే కొట్టు ముందే పంచాయితీ పెట్టి, చీకటి పడేలోపు తేల్చుకుంటారు. లక్షల కోట్లు తేడా వచ్చినప్పుడు టీవీ స్టూడియోకు పోతారు. అక్కడ ఏదీ తేలదు.

గోపన్న నాటి ఆరు లక్షలు ఆరు లక్షలుగానే ఉన్నాయి, వెనక కోట్లు చేరాయంతే. జైలు మాట మాత్రం ఎవరూ ఎత్తడం లేదు.

స్టేషన్ దగ్గర టీ కొట్టులో ఒక చోటా నాయకుడు నాకు ధైర్యం చెప్పాడు. "అమెరికా అప్పు 38 లక్షల కోట్ల డాలర్లు దాటిందంట సారూ. దాని ముందు మనదొక అప్పా?" నేను నోరు తెరిచేలోపే టీ పోసే పిల్లవాడు అందుకున్నాడు. "వాళ్ల అప్పు డాలర్లలోనే ఉంది గదన్నా, కావాలంటే వాళ్లే అచ్చేసుకుంటరు. మనం జిరాక్స్ తీపిద్దామన్నా బస్టాండు కాడ మిషన్ పాడై నెలయింది." నోట్ల ముద్రణ మీద ఇంతకంటే తేటగా చెప్పిన నిపుణుణ్ణి నేను చూడలేదు. అప్పుల్లో ఢిల్లీ సంగతీ అంతే. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో వచ్చే ప్రతి రూపాయిలో 24 పైసలు అప్పు, పోయే రూపాయిలో 20 పైసలు వడ్డీ.

మా ఊరి సంగతికొస్తాను. మాది వైరా నియోజకవర్గం. 2024 ఆగస్టు 15న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి వైరాకే వచ్చి, రెండు లక్షల దాకా పంట రుణాలు మాఫీ అని ప్రకటించారు. అందరం చప్పట్లు కొట్టాం. నాలుగు విడతల్లో 25 లక్షల పైచిలుకు రైతులకు 20,617 కోట్లు మాఫీ చేశామని సర్కారు లెక్క చెప్పింది. రెండు లక్షలు దాటిన వాళ్లు మాత్రం పై మొత్తం ముందుగా కట్టాలన్నారు. దాంతో మా పక్క తండాలో ఒకాయన మాఫీ కోసమని నూటికి మూడు రూపాయల వడ్డీకి కొత్త అప్పు తెచ్చాడు. ఇప్పుడు ఆయనకు బ్యాంకు బాధ లేదు. షావుకారు మాత్రం పొద్దున్నే వచ్చి కూర్చుంటున్నాడు.

సరే, మాఫీ అయినవాళ్ల అప్పు ఏమైంది? బ్యాంకు ఒక్క పైసా వదులుకోలేదు. రైతు పద్దులోంచి తీసి సర్కారు పద్దులో రాశారు. సర్కారు పద్దు ఎవరిది? ఆ 6,71,757 కోట్లను 2011 జనాభా లెక్కల్లోని మూడున్నర కోట్ల మందికి పంచి చూశాను. తలకు లక్షా 90 వేల పైన వచ్చింది. వైరా సభలో ఎంత దించారో దాదాపు అంతే అప్పటికే మా నెత్తిన ఉందన్నమాట. రైతుకు మాత్రమే కాదు, ఆయన భార్యకు, పిల్లలకు, మంచంలో ఉన్న ముసలమ్మకు విడివిడిగా.

సర్కారు అప్పు తెచ్చే పద్ధతి ఒకటి మా పెద్దవాళ్లకు చెప్పకుండా దాస్తున్నాను. రాష్ట్రాల బాండ్లను రిజర్వు బ్యాంకు మామూలుగా మంగళవారం పూట వేలం వేస్తుంది. బుధవారానికి డబ్బు ఖజానాలో పడుతుంది. కారేపల్లిలో మంగళవారం చేబదులు అడిగిన వాణ్ణి గుమ్మంలోకి రానివ్వరు. ఇస్తే లక్ష్మి పోతుంది, తెస్తే తీరదు. మూఢనమ్మకమని కొట్టిపారేసేవాళ్లు వేలం పట్టికలు తిరగేయండి. పాత బాండు గడువు తీరగానే దాన్ని తీర్చడానికి కొత్త బాండు వస్తోంది, మళ్లీ మంగళవారమే. ఇరవై, ముప్పై ఏళ్ల గడువువీ ఉన్నాయి. ఇవాళ మా హైస్కూల్లో ఎనిమిదో తరగతి చదివే పిల్లకు పెళ్లయి, ఆమె బిడ్డ కాలేజీకి పోయే నాటికి నిన్నటి మంగళవారం తీరాలి.

2025 మార్చి 19న పెట్టిన 3,04,965 కోట్ల రాష్ట్ర బడ్జెట్‌లో రెవెన్యూ మిగులు 2,738 కోట్లు, ద్రవ్యలోటు 54,009 కోట్లు అని ఉంది. మిగులు ఉంటే లోటెందుకని మా ఇంటావిడ అడిగింది. జీతాలు, పింఛన్లు, వడ్డీల లాంటి రోజువారీ ఖర్చులు పోను మిగిలేది మొదటిది, కట్టడాలూ పెట్టుబడులూ కలిపాక అప్పు తెచ్చి పూడ్చాల్సింది రెండోది అని వివరించాను. "అయితే నా దగ్గరా మిగులుంది. మీరు ఫ్రిజ్ కిస్తీ గురించి అడక్కుండా ఉంటే" అంది. ఆమెను ఆర్థిక శాఖ ఎందుకు పిలవలేదో అర్థం కాదు.

ఈ అప్పు వసూలుకు ఇంటికి జప్తు నోటీసులు రావు. సామాన్ల సంచిలో పడి వస్తుంది. 2025 ఏప్రిల్‌లో కేంద్రం వంటగ్యాస్ బండ మీద 50 రూపాయలు వేసింది. రాష్ట్రంలో 500కే బండ ఇస్తామన్న పథకం ఉంది, కాకపోతే ముందు పూర్తి ధర కట్టాలి, తేడా తర్వాత ఖాతాలో పడుతుంది. పడేదాకా సర్కారుకు వడ్డీ లేని అప్పు ఇస్తున్నది మా కారేపల్లి ఆడవాళ్లే. తెల్ల కాగితం మీదో, చెమట కాగితం మీదో ఆ పద్దు కూడా రాయాల్సింది. ఆడవాళ్లకు ఛార్జీ లేని మహాలక్ష్మి బస్సులో జీరో టికెట్ మీద ఖమ్మం పోతే, ధరలు అక్కడా పెరిగాయని ఉచితంగా చూసి రావచ్చు. 2023లో క్వింటాలు 20 వేలు దాటిన తేజ మిర్చి 2025లో ఖమ్మం యార్డులో 14 వేల చుట్టూ తచ్చాడింది. ఆ సంగతి కారం ప్యాకెట్‌కు ఎవరూ చెప్పినట్టు లేదు.

ఖజానాకు అసలైన ఆదరువు వేరే ఉంది. 2023లో 2,620 మద్యం దుకాణాలకు దరఖాస్తులు పిలిస్తే, తిరిగివ్వని రెండు లక్షల ఫీజు కట్టి లక్షా 30 వేలకు పైగా వచ్చాయి. ఒక్క సీసా మూత తీయకముందే 2,600 కోట్లు. మరుసటి సారికి ఫీజు మూడు లక్షలు చేశారు. రాష్ట్రాన్ని నిలబెడుతున్నది తాగేవాళ్లని ఇన్నాళ్లూ అనుకున్నాం. అమ్మాలని ఆశపడి లాటరీ తగలని వాళ్లు కూడా నిలబెడుతున్నారు.

సర్కారు ఎవరెవరికి బాకీ ఉందో రాయాలంటే పత్రిక చాలదు. ఆనాడు తహసీల్దారు బాకీ తీర్చిన రాముడికే, ఆలయ అభివృద్ధికి 100 కోట్లిస్తామని ముఖ్యమంత్రిగా ఉండగా కేసీఆర్ మాటిచ్చి ఇవ్వకుండానే దిగిపోయారు. ఇక మా మండలం పేరు సింగరేణి. ఆ పేరు పెట్టుకున్న కంపెనీ బొగ్గూ కరెంటూ ఇస్తే విద్యుత్ సంస్థలు వేల కోట్లు బకాయి పడ్డాయి. ఆ సంస్థలు రాష్ట్రానివి. కంపెనీలో 51 శాతం వాటా కూడా రాష్ట్రానిదే. వసూలు కోసం కంపెనీ కేసు వేయాలంటే ముందు యజమానిని అనుమతి అడగాలి.

మా చుట్టుపక్కల ఒక మాజీ సర్పంచ్ ఉన్నాడు. పదవిలో ఉండగా పైనుంచి ఒత్తిడి వస్తే బంగారం కుదువపెట్టి ఊరికి వైకుంఠధామం పేరుతో శ్మశానవాటిక కట్టించాడు. 2024 జనవరి ఆఖరున పదవీ కాలం అయిపోయింది, బిల్లు రాలేదు. 2025 డిసెంబరు పంచాయతీ ఎన్నికల్లో మళ్లీ నిలబడతానని బయల్దేరాడు. కుర్చీలో ఉంటేనే బిల్లు కదులుతుందని ఆయన నమ్మకం. నామినేషన్ పత్రాలు పట్టుకుని పంచాయతీ ఆఫీసుకు పోతే కార్యదర్శి రిజిస్టరు తిరగేసి తలెత్తాడు.

"అన్నా, నీది రెండేళ్ల ఇంటి పన్ను బాకీ ఉంది. ముందు అది కట్టు."