కార్బేటరు బాబాయి

సైనిక్‌పురిలో మా వీధిలో ఎవరి బండి మొరాయించినా మెకానిక్కు కోసం పరుగెత్తక్కర్లేదు. రెండో కిక్కు కొట్టేలోపు బాబాయే ప్రత్యక్షమవుతాడు. బనీను, మడిచి కట్టిన లుంగీ, మొలలో స్క్రూడ్రైవరు. ఏమైందని అడగడు. "కార్బేటర్లో కచరా" అని తేల్చేస్తాడు. మొన్న ఎదురింటి కుర్రాడి స్కూటరుకూ అదే తీర్పు. అది కరెంటు బండి అని పిన్ని అరిచి చెప్పేదాకా ప్యానెళ్లు విప్పుతూనే ఉన్నాడు.

బాబాయి పెరట్లో రేకుల షెడ్డుంది. అందులో జోంగా. జబల్‌పూర్‌లో సైన్యం కోసం తయారైన పెట్రోలు బండి, ఆరు సిలిండర్లు, దాదాపు నాలుగు లీటర్ల ఇంజిను. వేలంలో కొని, బంధుగణాన్ని ఎక్కించుకుని ఒక్కసారి యాదగిరిగుట్ట వెళ్లొచ్చాడు. పెట్రోలు లెక్క చూసుకుని షెడ్డులో పెట్టాడు. పదకొండేళ్లు! ఇప్పుడు మనవడి పెళ్లి ఊరేగింపు అందులోనేనట.

ట్యాంకు మూత తీస్తే వార్నీషు కంపు. సరే, అదంతా పారబోశాం. కార్బురేటరు విప్పితే గిన్నె అడుగున ముదురు పాకంలా బంక. ఇక్కడ మాత్రం బాబాయిని తక్కువ చేయకూడదు. ఫ్లోటును చెవి దగ్గర పెట్టుకుని, కొబ్బరికాయ బేరమాడేవాడిలా ఊపాడు. లోపల తొణికింది. "చిల్లు పడి పెట్రోలు తాగిందిరా. ఇది తేలదు, నీడిలు మూసుకోదు, పెట్రోలు పొంగి పోతుంది." వేడినీళ్లలో ముంచాడు. బుడగలు లేచిన చోట గుర్తు పెట్టి, లోపలి పెట్రోలంతా ఆరాక టంకం వేయించాడు. నేను జెట్టులో తీగ దూర్చబోతే చేతి మీద ఒక్కటేశాడు. "ఇత్తడిరా! వెంట్రుకవాసి పెద్దదైనా బండి తాగుబోతైపోతుంది." తనే నోటితో ఊదాడు. ఆ పూట ఉప్మా కూడా పెట్రోలు రుచే వచ్చిందన్నాడు, పరమ తృప్తిగా.

ఇంజిను అంటుకుంది. కుక్కలు వీధి ఖాళీ చేశాయి. పది నిమిషాల తర్వాత దగ్గి ఆగిపోయింది. కాసేపాగితే మళ్లీ స్టార్టయ్యేది, మళ్లీ పది నిమిషాలకే ప్రాణం వదిలేది. ఆరు ఆదివారాలు విప్పాడు, బిగించాడు. గ్యాస్కెట్లు చాలక మిగిలిన శుభలేఖలు కత్తిరించాడు. కార్బురేటరు అంచున ఇప్పటికీ "శ్రీరస్తు" సగం కనిపిస్తుంది.

ఏడో ఆదివారం పిన్ని కాఫీ తెచ్చి, "అసలు పెట్రోలుందా అందులో?" అని ట్యాంకు మూత తిప్పింది. సుయ్‌మని గాలి లోపలికి పీల్చుకుంది. మూతకున్న సన్నటి గాలి రంధ్రాన్ని కుమ్మరి పురుగు శుభ్రంగా మట్టితో మెత్తేసింది. ట్యాంకులోకి గాలి రాకపోతే పెట్రోలు ఎలా కదులుతుంది? పిన్ని జడలోంచి పిన్ను తీసి గీకేసింది.

జోంగా గంటసేపు ఆగకుండా ఆడింది. బాబాయి ముఖంలో మాత్రం కళ లేదు. ఇంజిను కట్టేసి, బానెట్టు ఎత్తాడు.

"ఆ రాలిన మట్టి ఎక్కడికి పోయుంటుందంటావ్?" అంటూ స్క్రూడ్రైవరు తీశాడు.