మన భుజానికి బరువు, ఎదుటివాడి వీపుకు మందు

మనవాళ్ళకు బెల్టంటే పడదని, ఎంత మొత్తుకున్నా పెట్టుకోరని రవాణా శాఖవారు ఏటా రోడ్డు భద్రతా ఉత్సవాల్లో వాపోతుంటారు. ఎంత అమాయకులు! బెల్టు మీద మనకున్నంత నమ్మకం ఇంకే వస్తువు మీదా లేదు. పిల్లవాడికి ఎక్కాలు రావాలంటే బెల్టు. కొడుకు దారిలో పడాలంటే బెల్టు. దొంగ నిజం కక్కాలంటే బెల్టు. మతి తప్పినవాడు కుదురుగా ఉండాలంటే తాడు, అదీ చాలకపోతే గొలుసు. షరతల్లా ఒక్కటే: అది ఎదుటివాడి ఒంటిమీద ఉండాలి. మన భుజం మీదకు వచ్చిందా, చొక్కా నలుగుతుంది, ఊపిరాడదు, రాజ్యాంగం ఇచ్చిన స్వేచ్ఛకు భంగం వాటిల్లుతుంది.

సీటు బెల్టు సంగతే చూడండి. 1959లో వోల్వో కంపెనీ ఇంజనీరు నిల్స్ బోలిన్ భుజాన్నీ నడుమునూ కలిపి పట్టే బెల్టు తయారుచేశాడు. అంతకుముందు ఆయన పని, ఆపదలో పైలట్‌ను విమానంలోంచి బయటికి విసిరే సీట్లు చేయడం. మనిషి ఎంత జోరుగా ఎగిరిపోతాడో తెలిసినవాడు కనుక, పట్టి ఉంచడం ఎలాగో ఆలోచించాడు. కంపెనీ ఆ పేటెంటును ఎవరైనా వాడుకోండని వదిలేసింది. అక్కడితో వాళ్ళ తెలివి అయిపోయింది. మన తెలివి అక్కణ్ణుంచి అందుకుంది. బెల్టు పెట్టుకోకపోతే కారు కుయ్యోమంటుంది కదా, దాని నోరు మూయించడానికి బెల్టు లేని ఉత్త బకిల్ ముక్క కొనుక్కున్నాం. 2023 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఐదు ఆన్‌లైన్ అంగళ్ళకు తాఖీదులిస్తే, అలాంటి సరుకు ప్రకటనలు 13,118 తీసేయాల్సి వచ్చింది. వాటిలో కొన్నింటిని సీసా మూత తీసే ఓపెనర్ల పేరుతో, సిగరెట్ లైటర్ల పేరుతో అమ్మారట. ఇటు ప్రాణం కాపాడే గంట నోరు మూస్తుంది, అటు బీరు సీసా నోరు తెరుస్తుంది. ఒకే ముక్కతో రెండు పుణ్యకార్యాలు!

ఆ మాత్రం ఖర్చు కూడా ఇష్టపడని పొదుపరులు బెల్టును వీపు వెనకనుంచి బిగించి, దానిమీదే ఆనుకుని కూర్చుంటారు. ఇంకొందరు పుట్టు నటులు. కూడలిలో తెల్లచొక్కా కనబడగానే బెల్టును ఎదమీదికి లాగి చేత్తో పట్టుకుంటారు, దాటగానే వదిలేస్తారు. యముడికి కూడా ఆ కూడలిలోనే డ్యూటీ వేశారని వారి ధీమా.

వెనక సీటు పెద్దమనుషులకైతే ఆ బెంగ కూడా లేదు. 2022 సెప్టెంబరు 4న పాల్ఘర్ దగ్గర టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ ప్రయాణిస్తున్న కారు వంతెన గోడను గుద్దింది. బెల్టు పెట్టుకోకుండా వెనక కూర్చున్న ఇద్దరూ పోయారు. ముందున్న ఇద్దరూ బతికారు. ఆ ఒక్క ఏడాదే దేశంలో సీటు బెల్టు పెట్టుకోక పోయినవారు 16,715 మంది, హెల్మెట్ పెట్టుకోక పోయినవారు 50,029 మంది అని కేంద్ర రవాణా శాఖే లెక్క తేల్చింది. మనం టీవీల ముందు కూర్చుని అయ్యో అనుకున్నాం. తర్వాత కారెక్కి, వెనక సీట్లో కాళ్ళు బారజాపుకున్నాం.

ఇక రెండు చక్రాలవారు. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ ప్రకారం హెల్మెట్‌ను పట్టీతో తలకు గట్టిగా బిగించుకోవాలి. మనలో సగంమంది దాన్ని మోచేతికి తగిలించుకుని మోచేతి ఎముకను భద్రంగా కాపాడుకుంటున్నారు. తలమీద పెట్టిన మిగతా సగం పట్టీని గాలికి వేలాడదీస్తారు. పడ్డనాడు తల ఒక దిక్కు, హెల్మెట్ ఒక దిక్కు.

పొద్దున ఎనిమిదిన్నరకు ఏ వీధిలోనైనా నిలబడండి. బండి ముందు భాగంలో, తండ్రి రెండు చేతుల మధ్య మూడేళ్ళ పిల్లవాడు నిలబడి అద్దం కాడ పట్టుకుని ఉంటాడు. నాలుగేళ్ళలోపు పిల్లలను బండిమీద తీసుకెళ్తే నడిపేవారికి కలిపి కట్టే హార్నెస్ ఉండాలని, పిల్లవాడికి హెల్మెట్ ఉండాలని, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదని 2023 ఫిబ్రవరి నుంచి నిబంధన ఉంది. ఎక్కడైనా కనబడిందా? ఆ తండ్రి నడుముకు మాత్రం మంచి తోలు బెల్టు ఉంది. పిల్లవాడి ప్రాణానికి నాలుగు నాడాలు కొనడానికి రాని చెయ్యి, సాయంత్రం వాడు పలక మీద అక్షరం తప్పు రాస్తే చకచకా నడుముకు పోతుంది. “బెల్టు తీశానంటే చూడు!” అప్పటికే లుంగీలోకి మారిపోయి ఉంటే, గోడమేకుకు వేలాడే ప్యాంటులోంచి లాక్కొచ్చి మరీ తీస్తాడు. పిల్లవాడి ఒంటికి తగలాల్సిన పట్టీ చివరికి తగిలింది. తగలాల్సిన వేళా, తీరూ మాత్రమే మారాయి.

బడి ఈ విద్యలో మనకంటే సీనియరు. వెనకటి వీధిబడి పంతులుగారు దూలానికి కోదండం కట్టి, అల్లరి పిల్లవాణ్ణి ఆ తాడు పట్టుకుని వేలాడమనేవారు. పాపం, తాడుకు వేరే రుసుము అడగలేదు. ఈనాటి బడి బెల్టు, టై, మెడలో కార్డు పట్టీ మూడింటికీ బిల్లు వేసి, తన కౌంటర్లోనే కొనిపిస్తుంది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లవాణ్ణి కొట్టకూడదంటుంది, మానసికంగా వేధించకూడదని కూడా అంటుంది. చట్టం దారి చట్టానిది. మన దారి మనది: “తోలు ఒలిచినా సరే సార్, మేం అడగం. మావాడికి ర్యాంకు రావాలి.” స్కాట్లండు బడుల్లో పిల్లల అరచేతుల మీద కొట్టడానికి కొస చీల్చిన తోలు పట్టీ వాడేవారు. అక్కడ ఇద్దరు తల్లులు యూరప్ మానవ హక్కుల కోర్టుకెక్కి 1982లో గెలిచారు. 1987లో సర్కారు బడుల్లో ఆ పట్టీ మూలపడింది. పట్టీ ఆపమని అక్కడి తల్లులు కోర్టుకు వెళ్ళారు. పట్టీ వాడమని మనం ప్రిన్సిపాల్ గదికి వెళ్తాం.

ఠాణా గురించి చెప్పాలంటే 1855కు వెళ్ళాలి. ఆ ఏడాది మద్రాసు ప్రెసిడెన్సీలో చిత్రహింసల మీద ఒక కమిషన్ నివేదిక ఇచ్చింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోవే. శిస్తు కట్టని రైతును వంచి, అతని ఒంటిమీది గుడ్డనో తాడునో మెడమీదుగా తీసి కాలివేళ్ళ కిందుగా బిగించి, అలాగే ఎండలో వదిలేసేవారట. వాడిది వాడికే కట్టారు కనుక సర్కారుకు తాడు ఖర్చు కూడా లేదు. స్వతంత్రం వచ్చాక 1955లో కొరడా శిక్ష చట్టాన్నే రద్దు చేసుకున్నాం. అంటే జడ్జిగారు కూడా వేయలేని దెబ్బ అది. ఆయన వేయలేనిది లాకప్‌లో వేస్తే దానికి “కోటింగు” అని ముద్దుపేరు పెట్టుకున్నాం. సినిమాలో ఇన్‌స్పెక్టర్ హీరో బెల్టు విప్పితే హాలంతా ఈలలు. ఇంతా చేసి, పోలీసు ముందు ఒప్పుకున్న నేరం కోర్టులో సాక్ష్యంగా చెల్లదని 1872 నాటి సాక్ష్య చట్టమే చెప్పింది, కొత్త చట్టమూ అదే చెబుతోంది. బెల్టు రాబట్టిన నిజం కోర్టు గుమ్మం దాటదు. చిత్రహింసలకు వ్యతిరేకంగా ఐక్యరాజ్య సమితి చేసిన ఒప్పందం మీద మన దేశం 1997లో సంతకం పెట్టింది. ధ్రువీకరించడానికి మాత్రం ఇంకా మంచి ముహూర్తం దొరకలేదు.

మతి చెడినవారిది నోరులేని కథ. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో మానసిక రోగులను ఉంచిన పాక అంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉండడంతో పారిపోలేక 28 మంది కాలిపోయారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం గొలుసును ఏ రూపంలోనూ వాడరాదంది. తప్పనిసరై కట్టిపట్టవలసివస్తే, అది ముంచుకొచ్చిన ప్రమాదం ఆపడానికే తప్ప శిక్షగా కాదంది. కట్టడానికీ శిక్షించడానికీ మధ్య ఇంత స్పష్టంగా గీత గీసిన వాక్యం మన చట్టాల్లో ఉండడం విశేషమే. చదివినవారు ఎందరో మాత్రం అడగకండి.

పట్టీ విలువ తెలిసినవాడు మనలో అసలు లేడా? ఉన్నాడు. తాటిచెట్టు కింద నిలబడ్డ గీత కార్మికుణ్ణి చూడండి. మోకును నడుము వెనకనుంచి చెట్టు చుట్టూ తిప్పి, ముడి చూసుకుని, ఒంటి బరువంతా వెనక్కి ఆన్చి ఒకసారి గుంజి చూస్తాడు. అది పట్టిందని తేలాకే పాదం ఎత్తుతాడు. ఆయనకు చలానా వేసేవాడు లేడు, కెమెరా లేదు. అయినా మోకు జారి ఎందరో పోయారు కనుకే 2024లో తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య పేరుతో రక్షణ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. మరి మ్యాన్‌హోల్లోకి దిగేవాడికి? దిగాల్సివస్తే ఒంటికి హార్నెస్, పైన పట్టుకునే మనిషి ఉండాలని పాకీపనిని నిషేధించిన 2013 చట్టం కింద నిబంధనలున్నాయి. మన కాంట్రాక్టరు మాత్రం బనియనుతో దింపుతాడు. పిల్లవాణ్ణి కొట్టే పట్టీకీ, దొంగను కొట్టే పట్టీకీ ఈ దేశంలో ఎన్నడూ కొరత రాలేదు. కొరతంతా పైకి లాగే పట్టీకే.

కనుక అయ్యలారా, అమ్మలారా, మన క్రమశిక్షణ కథ ఇదీ: కాపాడే పట్టీ కనబడితే మనం స్వేచ్ఛావాదులం, కొట్టే పట్టీ కనబడితే సంస్కర్తలం. ఎవరైనా “బెల్టు లేకుండా ఎవడూ బాగుపడడు” అంటే కాదనకండి. నిజమే అనండి. ముందు కారెక్కి ఆయన్నే ఒకటి పెట్టుకోమనండి, వెనక సీటైనా సరే. నడుముకున్నదాన్ని ప్యాంటు నిలపడానికే ఉంచుకోమనండి.