మహిళా హాస్టల్ మెరిట్ సూత్రం: టీకా తాత్పర్య సహితం

మూలం: ఇంటర్ మార్కుల మెరిట్ ప్రకారము మహిళా హాస్టల్ నందు సీట్లు కేటాయించబడును. మెమో జిరాక్సు జతపరచవలెను.

అవతారిక: వరంగల్, హనుమకొండలలోని ఆడపిల్లల వసతిగృహాల నోటీసు బోర్డుల మీద ఏటా ప్రవేశాల వేళ స్వల్ప పాఠభేదాలతో సాక్షాత్కరించే ఈ సూత్రానికి ఇంతవరకు వ్యాఖ్య వెలువడకపోవడం లోపమే. కాకతీయ ప్రతాపరుద్రుణ్ణి నాయకుణ్ణి చేసి విద్యానాథుడు ప్రతాపరుద్రీయమనే అలంకారశాస్త్రం రచిస్తే, మల్లినాథసూరి కుమారుడు కుమారస్వామి దానికి రత్నాపణమనే వ్యాఖ్య సంతరించాడు. ఓరుగల్లు రాజుగారి గుణాలకే వ్యాఖ్య అవసరమైనప్పుడు, ములుగు నుంచీ మహబూబాబాద్ నుంచీ ట్రంకు పెట్టెలతో వచ్చిన తండ్రులూ కూతుళ్లూ మెడలు నిక్కించి చదివే పంక్తికి అవసరం లేదనడం న్యాయం కాదు.

టీక: ఇంటర్ మార్కులు = రెండేళ్ల ఇంటర్మీడియట్‌లో వెయ్యికి వచ్చినవి; మెరిట్ = నిఘంటువులో యోగ్యత, నోటీసు బోర్డు మీద వరుస; మెమో = ఆ మార్కులను ధరించిన కాగితం; జిరాక్సు = ఒక కంపెనీ పేరు జాతివాచకంగా మారగా ఏర్పడిన నకలు. సీటు అనగా ఆసనం. అయితే హాస్టల్లో దొరికేది కూర్చునేది కాక పడుకునేది గనుక ముఖ్యార్థానికి బాధ కలుగుతున్నది. గంగలో గొల్లపల్లె అన్నప్పుడు గంగ ఒడ్డున అని గ్రహించినట్లే, ఇక్కడ లక్షణావృత్తిచేత మంచమనీ, దాని పక్కనే ఉండే సగం అలమరా అనీ గ్రహించాలి.

కేటాయించబడును అన్న కర్మణి ప్రయోగంలోనే సూత్రప్రాణమంతా ఉన్నది. తెలుగుకు సహజం కాని ఈ ప్రయోగాన్ని వ్యాకర్తలు నిరసించినా ఆఫీసులు విడిచిపెట్టకపోవడానికి కారణం, ఇందులో కర్త కనపడనక్కరలేకపోవడం. కేటాయించేది వార్డెనా, ప్రిన్సిపాలా, కంప్యూటరా అన్న ప్రశ్నకు వాక్యంలో చోటు లేదు. చోటు లేదు గనుకనే సీటు రాని పిల్ల ఫలానావారు తనను కాదన్నారని అనుకోవలసిన పని లేదు.

ఈ సూక్ష్మం అమెరికాలోని సొరోరిటీతో పోల్చినప్పుడు గాని బోధపడదు. సొరోరిటీ అనగా కళాశాల విద్యార్థినులు తమకు నచ్చినవారిని తామే ఎన్నుకొని చేర్చుకునే సంఘం. చాలాచోట్ల సభ్యులు ఒకే ఇంట నివసిస్తారు. 1874లో సిరక్యూస్‌లో పుట్టిన గామా ఫై బీటా అనే సంఘానికి ఫ్రాంక్ స్మాలీ అనే లాటిన్ పండితుడు ఈ మాటను సూచించాడని చెబుతారు. లాటిన్‌లో సొరోర్ అంటే సోదరి. అమరకోశంలో భగినితో పాటు కనిపించే స్వసృ శబ్దానికి అది ఇండో యూరోపియన్ వైపు చుట్టం. కొత్తగా కళాశాలలో అడుగుపెట్టిన అమ్మాయికి కళాశాల మార్కులు ఇంకా ఉండవు గనుక అక్కడ హైస్కూలు సగటును చూస్తారు; సంఘం తన సగటును కాపాడుకోవాలి గనుక తక్కువ సగటు ఉన్నవారిని చేర్చుకోవడానికి జంకుతుంది. ఆ సగటు గడప మాత్రమే. గడప దాటిన తరువాత మాటతీరు, నవ్వు, దుస్తులు, పరిచయాలు చూసి పాత సభ్యులు ఓటు వేస్తారు, అంటే అక్కడ క్రియకు కర్త ఉన్నది.

గడపకూ వరుసకూ గల ఈ భేదానికి దూరం వెళ్లనక్కరలేదు. వరంగల్ నిట్‌లో బీటెక్ సీటును జేఈఈ ర్యాంకు ఇస్తుంది. సాధారణంగా ఇంటర్‌లో 75 శాతం, ఎస్సీ ఎస్టీలకు 65 శాతం, లేదా తమ బోర్డులో మొదటి 20 పర్సంటైల్‌లో ఉండటం అన్నది గడప. డిగ్రీలో అట్లా కాదు. 2016 నుంచి డిగ్రీ ఆన్‌లైన్ సర్వీసెస్ తెలంగాణ, పొట్టి పేరున దోస్త్, విద్యార్థిని పెట్టిన ఆప్షన్లనూ ఇంటర్ మార్కులనూ రిజర్వేషన్లనూ కలిపి చూసి, హనుమకొండలోని పింగళి ప్రభుత్వ మహిళా కళాశాల వంటి చోట్ల సీటు ఇస్తుంది. స్నేహితులను ఏరి ఇచ్చే యంత్రానికి దోస్త్ అని పేరు పడటం శ్లేష. పెట్టినవారు ఉద్దేశించి ఉండకపోయినా వ్యాఖ్యాత వదలరాదు.

పూర్వపక్షం: లెక్కల పరీక్షలో వచ్చిన మార్కు ఎవరి పక్కన ఎవరు పడుకోవాలో నిర్ణయించడం అసంబద్ధమని ఆక్షేపించవచ్చు. నిజమే, అర్ధరాత్రి దాకా లైటు వేసుకొని చదివే పిల్లకూ లైటుంటే నిద్రపట్టని పిల్లకూ 941, 940 రావడం వల్ల ఒకే గది పడుతుంది. సిద్ధాంతం: అసంబద్ధతే ఇక్కడ గుణం. మార్కుకు కళ్లు లేవు. అది చెప్పుల ధర చూడదు, భూపాలపల్లి యాసను వినదు. తల్లిదండ్రుల స్తోమత మార్కులోకి ట్యూషన్ల దారిన ముందే దూరి ఉంటుందన్నది వేరే చర్చ, దానిని కొట్టివేయడం కుదరదు. అయినా తోటి ఆడపిల్లలే ఓటు వేసి కాదనడం కంటే ఒక అంకె కాదనడమే తేలిక దెబ్బ.

తాత్పర్యం: ఇంటర్‌లో ఎక్కువ మార్కులు వచ్చిన పిల్లకు మంచం ముందు దొరుకును, అక్కాచెల్లెళ్లు ఆ మంచంతో పాటు, అడగకుండానే, వచ్చుదురు.

పాఠకురాలికి మనవి: మూలంలో జిరాక్సు అని ఏకవచనం ఉన్నా బహువచనంగానే గ్రహించి, మూడు నకళ్లు తీయించుకొని ఒరిజినల్ మెమోతో సహా వెళ్లవలెను.